పైడి చెయ్యి చల్లగా ఉన్న రోజు

ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్
12 ఆగస్టు 2024

చెల్లీ ఎవాంజలినూ,

"ఇక్కడ అందరం క్షేమం" అని మొదలెట్టబోయినాడు సిరిల్. కలం పట్టుకుని ఆపినాను. క్షేమమైతే నీకు ఉత్తరం ఎందుకు రాయిస్తాను?

నీకు చెవులు వినబడవు, నాకు అక్షరాలు తెలీవు. ఫోను మనిద్దరికీ పనికిరాదు. అందుకని మధ్యలో సిరిల్. పార్సిలాఫీసులో ముప్పై ఏళ్ళు రాసిన చెయ్యి, మీ చర్చిలో ఆదివారం తెలుగు చదివేది ఇప్పుడు అతనే. నేను 'సెయ్యి' అంటే 'చెయ్యి' అని దిద్ది రాస్తన్నాడు. రాసుకోనీ. మాట మారిస్తే మాత్రం టీ ఇవ్వనని చెప్పినాను.

సంగతి విను. నా మనవడు ఫణీంద్ర కూతురు పైడి నీకు గుర్తుంది కదా. నువ్వు విశాఖ ఎళ్ళిపోయేటప్పటికి చంకలో పిల్ల. ఇప్పుడు ఐదేళ్ళు. నువ్వు పాఠాలు చెప్పిన ఖరిదా బడిలోనే వేసినాము. ఇప్పుడు ఆ బడే దాన్ని తీసేస్తానంటంది. "ఇంకొక్కసారి కొరికితే దసరా పూజా సెలవుల తర్వాత పిల్లని తేవొద్దు" అని డయానా కబురెట్టినాది. నీ దగ్గర ముక్కు తుడిపించుకున్న డయానాయే, ఇప్పుడు హెడ్డు టీచరు.

పైడి చేసిన నేరం ఏటంటే, కొరికినాది. మూడుసార్లు. మూడుసార్లూ ఒక్కడినే, పక్కన కూచునే ఎరిక్‌ని. ఎరిక్ ఎవడనుకున్నావు? కొళాయి దగ్గర మన బిందె వెనక్కి తోసి తన బిందె పెట్టే కృపమ్మ, ఆవిడ మనవడు. ఆ గుంటడి జబ్బ మీద పళ్ళ గుర్తు ఫోటో తీసి, పెళ్ళి సంబంధానికి చూపించినట్టు క్వార్టర్ల లైనంతా ఇంటింటికీ చూపిస్తంది.

ఇప్పుడు నా వాదన. ఏప్రిల్లో పైడి తల్లి శ్రావణికి ఏడో నెలలోనే నొప్పులొచ్చినాయి. ఇక్కడ కాదు, కలకత్తా తీసుకుపొమ్మన్నారు. మిట్టమధ్యాన్నం. తల్లి వెళ్ళడం చూస్తే పైడి ఒగ్గదు కదా. అన్నం పెట్టి, పక్కలో వేసుకుని, "కళ్ళు మూసుకోవే, తెరిసేసరికి అమ్మ ఇక్కడే ఉంటాది" అని జోకొట్టినాను. పిల్ల నిద్రపోయినాది, తల్లి బండెక్కినాది. ఒక్క ఏడుపు లేకుండా పని జరిగిపోయినాది. అంత తెలివిగా ఇంకెవరు చేస్తారు?

నలభై ఏడు రోజులు తల్లి రాలేదు. పసివాడు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఆ నలభై ఏడు రోజుల్లో పైడి ఒక్కసారి ఏడిస్తే ఒట్టు. పెట్టింది తిన్నాది, వేసింది తొడుక్కున్నాది. లైనులో అందరూ "బంగారం" అన్నారు. జూన్లో తల్లి పసివాడితో వచ్చినాది, ఇద్దరూ బాగున్నారు. జులైలో పైడి కొరకడం మొదలెట్టినాది. తల్లి లేనప్పుడు కొరకని పిల్ల తల్లి వచ్చాక ఎందుకు కొరుకుతాది? అంటే తప్పు మా ఇంట్లో లేదు. బళ్ళో ఉంది. లేకపోతే ఎరిక్‌లో ఉంది.

నా భయం బడి గురించి కాదు. నాకు భయమేటి, కోపం. ఒకసారి 'కరిచే పిల్ల' అని పేరు పడితే తాల్‌బగీచా దాకా ఏ బడీ తీసుకోదు. ఫణీంద్ర ఇంజను మీద డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. "బళ్ళోంచి తీసేస్తే పలాసలో మా అత్తారింటికి పంపేస్తాను, రెండేళ్ళు అక్కడ చదువుకుంటాది" అంటన్నాడు. అంటే పిల్లని తల్లి దగ్గర్నుంచి మళ్ళీ తీసేస్తాడు. నేనుండగా అది జరగదు.

నువ్వు డయానాకి ఒక ఉత్తరం రాయి. పైడి మంచిది, ఉంచుకో అని రాయి. నీ మాట అది తీసెయ్యలేదు.

ఇట్లు దాలమ్మ (వేలిముద్ర)
రాసినది సిరిల్


విశాఖపట్నం
22 ఆగస్టు 2024

దాలమ్మప్పకు, నీ ఎవాంజలిన్ నమస్కారాలు.

నీ వేలిముద్ర చూసి నవ్వుకున్నాను. కాగితం చిరిగేలా నొక్కావు. కోపం తగ్గలేదని అర్థమైంది.

అప్పా, ఇప్పుడే డయానాకి రాయను. కోప్పడకు. పైడికి ఐదేళ్ళయితే ఎరిక్‌కీ ఐదేళ్ళే. వాడి జబ్బ మీద గుర్తు నిజమే కదా. ఏమి జరిగిందో నాకే తెలియకుండా నా శిష్యురాలికి ఏమని రాయను?

ఇక్కడ నా కాలక్షేపం చెబుతాను. పిల్లల ఆసుపత్రి ఒకటుంది. వారానికి రెండు రోజులు వెళ్ళి, వరండాలో వంతు కోసం కూర్చునే పిల్లలకి కథలు చెబుతాను. నాకు వినబడకపోయినా వాళ్ళకి నేను వినబడతాను కదా. అక్కడికి కొట్టే పిల్లలు, విసిరే పిల్లలు, కొరికే పిల్లలు చాలామంది వస్తారు. డాక్టరమ్మ వాళ్ళని ముందు తిట్టదు, ఒళ్ళు చూస్తుంది. ఛాతీకి చిన్న పట్టీ కట్టి గుండె ఎలా కొట్టుకుంటుందో చూస్తుంది. దూది చప్పరించమని ఇచ్చి, ఆ ఉమ్మిని పరీక్షకి పంపుతుంది. ఒంట్లో కంగారు ఎంత ఊరుతోందో అందులో తెలుస్తుందట.

ఆవిడ కాగితం మీద రాసి చూపిస్తే నాకు అర్థమైనంత చెబుతాను. ప్రతి ఒంట్లోనూ ఒక గంట ఉంటుంది. ప్రమాదం అనిపిస్తే మోగుతుంది. గుండె పరిగెడుతుంది, కండ బిగుసుకుంటుంది. పెద్దవాళ్ళం దాన్ని నెమ్మదిగా ఆపుకోగలం. ఐదేళ్ళ పిల్లకి ఆ ఆపుకునే శక్తి ఇంకా సరిగా ఏర్పడదు. పక్కనున్న పెద్దవాళ్ళే ఆపిపెట్టాలి. కొందరి ఒంట్లో అది చిన్నదానికే మోగి ఓ పట్టాన ఆగదు. ఇంకొందరిలో మోగి మోగి మొద్దుబారిపోతుంది. పైకి చూస్తే ఇద్దరూ అల్లరిపిల్లల్లాగే కనబడతారు. కొరికే ప్రతి పిల్లకీ ఇదే కారణం అని ఆవిడ అనదు. ముందు చూడమంటుంది, అంతే.

మీ ఆయన, మా ఎర్రయ్య బావ గుర్తొచ్చాడు. బండి ప్లాట్‌ఫారం మీదికి రాగానే, పెట్టె పెట్టె దగ్గరా వంగి, చక్రం ఇరుసు మీదుండే యాక్సిల్ బాక్సుకి చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. వేడెక్కితే ఆ పెట్టెని అక్కడే ఆపేసేవాడు. లేకపోతే దారిలో అంటుకుంటుందని నాకు చెప్పాడు ఒకసారి. కొరకడం మంట అనుకో, అప్పా. మంటకి ముందు పెట్టె వేడెక్కే ఉంటుంది. నువ్వు బడికి వెళ్ళి కూర్చో. ఏ గంటకి జరుగుతోంది, దానికి ఐదు నిమిషాల ముందు పిల్ల ఒళ్ళు ఎలా ఉంది, చూసి రాయించు. నీకంటే బాగా చూసేవాళ్ళు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో లేరు.

పైడికి నా ముద్దులు. ఎరిక్‌కి కూడా, నీకు ఇష్టం లేకపోయినా.

నీ చెల్లెలు
ఎవాంజలిన్


ఖరగ్‌పూర్
7 సెప్టెంబరు 2024

చెల్లీ,

ఉమ్మి చూసి పిల్ల మనసు చెప్తారా మీ ఊళ్ళో? ఆ ముక్క చదివి వినిపిస్తా సిరిల్ కూడా నవ్వినాడు. నేను నవ్వలేదు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసినాను. అందుకే ఇప్పుడు గట్టిగా అడుగుతన్నాను.

డయానా దగ్గరికెళ్ళి వరండాలో కూచుంటానన్నాను. "అమ్మమ్మా, ఎండ" అన్నాది. "మీ తాత ఎండలోనే రిటైరయినాడు, నాకేటవుతాది" అన్నాను. తొమ్మిది రోజులు కూచున్నాను. కిటికీలోంచి అంతా కనిపిస్తాది. పొద్దున్న పాటలప్పుడు పైడి అందరికంటే గట్టిగా పాడుతాది. రంగులు వేస్తాది. టిఫిను డబ్బాలోంచి ఎరిక్‌కి చేగోడీ కూడా ఇచ్చినాది, నా కళ్ళతో చూసినాను. శత్రుత్వం లేదు.

టిఫిను అయ్యాక పరదాలు వేస్తారు. బల్ల మీద తల వాల్చి కళ్ళు మూసుకోండి అని క్లాసు టీచరు దీదీ చెప్తాది. అరగంట. మూడు కాట్లూ ఆ అరగంటలోనే పడినాయని దీదీని అడిగి తెలుసుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. అది నేను పట్టినాను.

ఇంక నీ ఎర్రయ్య బావ లెక్క. నా మొగుడి దగ్గర నేను నేర్చుకోలేదనుకున్నావేటి? చేతి వెనకవైపు ఎందుకో తెలుసా? అరచెయ్యి ఆనిస్తే కాలినప్పుడు వేళ్ళు ముడుచుకుని ఇనుముని పట్టేసుకుంటాయి. వెనకవైపు ఆనిస్తే చెయ్యి దానంతటదే వెనక్కొస్తాది. నలభై ఏళ్ళు ఆయన చేతి వెనక చర్మం చూసినదాన్ని నేను. వేడిగా ఉంటే ఆపాలి, చల్లగా ఉంటే పచ్చజెండా.

అలగే చూసినాను. రోజూ పరదాలు వేసే ముందు పైడి నీళ్ళకని వరండాలోకి వస్తాది. దాని చేతికి నా చెయ్యి ఆనించినాను. చల్లగా ఉంది. వేడి అన్నది లేదు. సెప్టెంబరు ఉక్కలో కూడా ఐసులా ఉంది. నుదురు చూసినాను, జ్వరం లేదు. మొన్న మూడో తారీకున కూడా అంతే, చల్లగానే ఉంది. ఆ రోజే కొరికినాది. ఈసారి చెంప. నాలుగోది.

మరి నీ డాక్టరమ్మ చెప్పిన మంట ఎక్కడ? నీ గంట ఎక్కడ? ఒంట్లో ఏటీ లేదు చెల్లీ. చల్లగా, నెమ్మదిగా ఉన్న పిల్ల వెళ్ళి కొరికినాదంటే అది తుంటరితనమే అని నేనే అనుకోవలసొస్తంది. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే ఒళ్ళు మండుతంది.

కృపమ్మ బడి గేటు దగ్గర నిలబడి, "కుక్కకైతే సూది ఏయిస్తారు, దీనికేటి ఏయిస్తారో!" అన్నాది. "నీ నోటికి ముందు ఏయించు, తర్వాత సూద్దాం" అన్నాను. కానీ ఆ గుంటడి చెంప చూసి నా మాట నాకే రుచించలేదు.

అక్టోబరు ఐదున, సెలవులిచ్చే రోజు, డయానా మీటింగు పెట్టినాది. కృపమ్మ వస్తాది, నేను వెళ్ళాలి. శ్రావణికి పసివాడితో కుదరదు. ఆ రోజు తేల్చేస్తారు. ఫణీంద్ర పలాసకి టిక్కెట్టు చూస్తన్నాడు.

ఇప్పుడైనా రాయి డయానాకి.

దాలమ్మ (వేలిముద్ర)
రాసినది సిరిల్


విశాఖపట్నం
14 సెప్టెంబరు 2024

అప్పా,

తప్పు నాది. ఆ పోలిక నేనే ఇచ్చాను. మనిషి చెయ్యి యాక్సిల్ బాక్సు కాదు. ఆ మాట నాకు తట్టనే లేదు.

నీ ఉత్తరం పట్టుకుని మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. 'చల్లగా, ఐసులా' అన్న చోట ఆవిడ వేలు ఆపింది. ఇది నేను నీకు ముందే రాసి ఉండవలసింది. భయం వేసినప్పుడు ఒంట్లో రక్తం చేతుల్లోంచి వెనక్కి పోతుంది. గుండెకీ కాళ్ళకీ పెద్ద కండలకీ పోతుంది, పరిగెత్తడానికో కలబడడానికో. చేతులు చల్లబడిపోతాయి, తరచు చెమ్మగా కూడా ఉంటాయి. గుండె మాత్రం లోపల ఇంజనులా కొట్టుకుంటూ ఉంటుంది. ఉక్కలో చెయ్యి ఐసులా ఉందంటే ఆ పిల్ల నెమ్మదిగా లేదు, అప్పా. రోజూ పరదాలు వేసే ముందు ఒంటరిగా, లోపల గడగడలాడుతూ నీళ్ళకి వస్తోంది. నువ్వు పట్టుకున్న గుర్తు సరైనదే. మనిద్దరం దాన్ని తిరగేసి చదివాం.

పరదాలు, తల వాల్చడం, కళ్ళు మూసుకోవడం అన్నావు. నీ మొదటి ఉత్తరం ఇందులో పెట్టాను, అందులో నువ్వు రాయించిన ఏప్రిల్ మధ్యాహ్నం ఇంకోసారి చదివించుకో. అంతకంటే నేను చెప్పను. నలభై ఏడు రోజులు ఏడవని పిల్లని అందరూ బంగారం అన్నారు. డాక్టరమ్మ అడిగింది, ఆ ఏడుపు ఎక్కడికి పోయి ఉంటుందని.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఆ అరగంట పైడిని కళ్ళు మూసుకోమనవద్దు. తలుపు కనబడేచోట కూర్చోనివ్వాలి. చేతులు చల్లబడితే ఎవరైనా తమ చేతుల్లో పెట్టుకుని, ఆ చెయ్యి వెచ్చబడేదాకా, ఊపిరి నెమ్మదించేదాకా ఏమీ అడగకుండా ఉండాలి. ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా పిల్లకి చెప్పి, పిల్ల చూస్తుండగా వెళ్ళాలి. రాత్రికి రాత్రి మారదు. నెలలు పట్టవచ్చు.

డయానాకి ఉత్తరం రాసి, కవరు అంటించి ఇందులో పెట్టాను. ఐదో తారీకున కావాలంటే ఇవ్వు.

ఒకటి అడగనా? ప్రతిసారీ ఎవరేమన్నారో, నువ్వేమన్నావో పొల్లుపోకుండా రాయిస్తావు. మూడో తారీకున పిల్ల చెయ్యి చూసిన తర్వాత ఏమి జరిగిందో మాత్రం రాయించలేదు.

ఎవాంజలిన్


ఖరగ్‌పూర్
21 సెప్టెంబరు 2024

ఎవాంజలినూ,

ఈ ఉత్తరం రాసే ముందు సిరిల్ చేత బైబిలు మీద చెయ్యి వేయించినాను. ఇక్కడ విన్నది గుమ్మం దాటదు.

మూడో తారీకున పైడి నీళ్ళు తాగినాది. లోపలికి పోలేదు. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడినాది. క్లాసు దీదీ బయటికొచ్చి చూసినాది. బెంగాలీ పిల్ల, మంచిది. "దిదా, పైడి ఠీక్ ఆఛే తో?" అని అడిగినాది, అమ్మమ్మా, పైడి బాగానే ఉంది కదా అని. ఈవేళ నీ దగ్గరే కూచోబెట్టుకుంటావా అని కూడా అడిగినాది. అదీ చెప్తన్నాను.

నేను చేతి వెనకవైపు ఆనించినాను. చల్లగా ఉంది. "ఠీక్ హై, తీసుకుపో" అన్నాను. పచ్చజెండా ఊపినాను. పైడి కుచ్చిళ్ళు ఒగ్గలేదు. నేనే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి దీదీ చేతిలో పెట్టినాను. వెళ్తూ వెనక్కి తిరిగి చూసినాది. పది నిమిషాలకి ఎరిక్ కేక వినిపించినాది.

ఇదీ జరిగింది.

ఏప్రిల్ సంగతి సిరిల్ నాకు మళ్ళీ చదివి వినిపించినాడు. "తెరిసేసరికి అమ్మ ఇక్కడే ఉంటాది" అన్నది నేనే. సాయంత్రం పైడి లేచి మంచం కింద చూసినాది, తలుపు వెనక చూసినాది, మారుమాట లేకుండా వచ్చి నా దగ్గర కూచున్నాది. నేను దానికి బిస్కెట్టు ఇచ్చినాను. ఇప్పుడు దాన్ని కళ్ళు మూసుకోమంటే అది ఎందుకు మూస్తాది?

కానీ ఒక మాట. ఇదంతా కృపమ్మ ముందు నేను చెప్పను. యాభై ఏళ్ళుగా ఆ కొళాయి దగ్గర ఆవిడ ముందు తల దించలేదు. ఇప్పుడు దించితే ఆవిడ ఆ ఫోటో పక్కన నా మాట కూడా పెట్టుకుని లైనంతా తిరుగుతాది. నీ కవరుంది కదా. దాన్ని డయానా చేతిలో పెడతాను. పెద్ద టీచరమ్మ మాట ఉండగా నా నోరు తెరవక్కర్లేదు.

దాలమ్మ (వేలిముద్ర)


విశాఖపట్నం
27 సెప్టెంబరు 2024

అప్పా,

నా కవరులో పైడి మంచి పిల్ల అని ఉంది. నీ 'ఠీక్ హై' అందులో లేదు. అది నేను రాయగలిగేది కాదు.

నువ్వు చెప్పకపోతే ఆ నాలుగో కాటు ఐదేళ్ళ పిల్ల పేరు మీదే ఉండిపోతుంది.

నేనూ ఒకటి చెబుతాను. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో కొరికిన పిల్లల్ని తలుపు వెనక నిలబెట్టాను. పదకొండు మంది. ఒక్కళ్ళ చెయ్యి కూడా పట్టుకుని చూడలేదు. ఆ తల్లులెవరికీ నేను చెప్పలేదు. నాకు ఇప్పుడు ఆ అవకాశం లేదు. నీకు ఉంది.

ఎవాంజలిన్


ఖరగ్‌పూర్
30 నవంబరు 2024

చెల్లీ ఎవాంజలినూ,

రెండు నెలలు నిన్ను కాచుకోబెట్టినాను. తెలిసే పెట్టినాను. మీటింగు అవగానే రాయిస్తే మాటలే ఉంటాయి. పిల్ల ఎలగుందో చూసి రాయిద్దామని ఆగినాను.

ఐదో తారీకున డయానా గదిలో నలుగురం. డయానా, క్లాసు దీదీ, కృపమ్మ, నేను. పిల్లలిద్దరూ బయట, బెంచీకి చెరో చివర. కృపమ్మ ముందే మొదలెట్టినాది. ఫోటోలు, చెంప, సూది, అన్నీ. "నా మనవడు అద్దం సూసుకుని ఏడుస్తన్నాడు" అన్నాది. అది విన్నాక నేను లేచినాను.

"కృపమ్మా, నీ మనవడి సెంప మీద పళ్ళు పైడివి. దాన్ని లోపలికి పంపిన సెయ్యి నాది" అన్నాను.

అంతా చెప్పినాను. ఏప్రిల్ మధ్యాన్నం చెప్పినాను, అబద్ధం ఆడి నిద్రపుచ్చినానని చెప్పినాను. కుచ్చిళ్ళు పట్టుకున్న వేళ్ళు విడదీసిన సంగతి చెప్పినాను. యాక్సిల్ బాక్సు చల్లగా ఉంటే మంచిది, పిల్ల చెయ్యి ఉక్కలో చల్లబడితే మంచిది కాదు, నాకు ఆ తేడా తెలీలేదు అన్నాను. దీదీ నన్ను అడిగినాది, నేనే ఠీక్ హై అన్నాను, దీదీ తప్పూ లేదు అన్నాను. దీదీ కళ్ళు తుడుచుకున్నాది. ఆ నెలంతా అందరూ ఆమెనే అన్నారట, చూసుకోవా అని.

కృపమ్మ ఫోటోలు పక్కన పెట్టినాది. తర్వాత అన్నాది కదా: "దాలమ్మా, నువ్వు తప్పు ఒప్పుకోవడం ఇదే మొదలు. కొళాయి దగ్గరవి కూడా ఇప్పుడే ఒప్పేసుకుంటే ఒక పనైపోద్ది."

"అవి నీ తప్పులు" అన్నాను.

డయానాకి నవ్వు ఆగలేదు. కృపమ్మకీ వచ్చినాది, కానీ మొహం తిప్పేసుకున్నాది. అలగని ఊరికే ఒగ్గలేదు. "నా గుంటడి పక్కన కూసోబెట్టకండి" అన్నాది. అది న్యాయమే అన్నాను. సెలవుల తర్వాత ఒక నెల చూద్దాం అని డయానా తేల్చినాది. పరదాలు వేసినప్పుడు పైడికి తలుపు పక్క చిన్న బెంచీ. కళ్ళు మూసుకోనక్కర్లేదు. దీదీ దాని చెయ్యి చూస్తాది, చల్లబడితే తన చేతుల్లో పెట్టుకుంటాది. ఫణీంద్ర పలాస మాట ఎత్తలేదు. ఎత్తితే ఏటవుతాదో వాడికి తెలుసు.

నెల అయిపోయినాది. కాట్లు పడలేదని రాయమంటే సిరిల్ సంతోషంగా రాసేస్తాడు, కానీ నిజం చెప్తాను. ఒకరోజు నీళ్ళ సీసా పట్టీని కొరికి తెంపేసినాది. ఇంకోరోజు దీదీ సెలవు, వేరే ఆవిడ వచ్చి పరదాలు వేసి కళ్ళు మూసుకోమన్నాది, పైడి బల్ల తోసేసినాది. బల్లే, మనిషి కాదు. మొన్న మాత్రం దానంతటదే లేచి దీదీ దగ్గరికెళ్ళి చెయ్యి చాపి, "దీదీ, దేఖో" అన్నాదట, చూడమని. దీదీ సాయంత్రం ఇంటికొచ్చి మరీ చెప్పినాది. ఎరిక్‌కి కూడా నిద్ర పట్టదట, వాడూ తలుపు బెంచీ కావాలంటన్నాడు. కృపమ్మ ఒప్పుకోలేదు. నేను అడగలేదు. అడగకపోతేనే ఒప్పుకుంటాది, నాకు ఆవిడ సంగతి తెలుసు.

ఇంట్లో ఇంకో కథ. ఇప్పుడు శ్రావణి ఖరిదా బజారుకి వెళ్ళినా పైడికి చెప్పి వెళ్తంది. చెప్పగానే పైడి గుమ్మం పట్టుకుని ఏడుస్తాది చూడు, మూడు లైన్లకి వినిపిస్తాది. "బంగారం లాంటి పిల్ల, ఇలగైపోయినాదేటి" అని పక్కింటోళ్ళు అంటన్నారు. ఏడవనీ అంటన్నాను. ఏప్రిల్ బాకీ కూడా ఏడవనీ. తల్లి తిరిగొచ్చేసరికి అది నా ఒళ్ళో ఉంటాది, ఎక్కిళ్ళు తగ్గిపోయి.

నీ కవరు ఇందులో పెట్టి తిరిగి పంపుతన్నాను. చించలేదు. సిరిల్ లైటుకి ఎత్తి చదవబోతే చేతి మీద ఒకటి ఇచ్చినాను. నీ పదకొండు మంది సంగతి మాత్రం డయానాకి చెప్పినాను. నువ్వు కోప్పడినా సరే. "టీచరమ్మ నన్ను కూడా నిలబెట్టినాది" అని నవ్వినాది. నీకు ఆ అవకాశం లేదని రాసినావు కదా. ఉంది. నేరుగా దానికే రాయి, ఈసారి నీ గురించి.

ఒకటి దాచినాను, చివరికి చెప్దామని. మీటింగుకి ముందు సంగతి.

డయానా పిలిచేదాకా బయట బెంచీ మీద కూచున్నాము, నేనూ పైడీ. ఎరిక్ ఇంకా లోపల కృపమ్మ దగ్గరే ఉన్నాడు. నీ కవరు నా రవికలో ఉంది. తీసి ఇచ్చేద్దామా, నోరు తెరుద్దామా అని ఇంకా తేల్చుకోలేదు. కృపమ్మ గొంతు లోపల్నుంచి వినిపిస్తంది. పైడి నా పక్కన కాళ్ళు ఊపుకుంటూ ఉంది. ఏటి తోచినాదో ఏటో, తన చెయ్యి తిప్పి, ఆ బుల్లి చేతి వెనకవైపు నా చేతికి ఆనించినాది. రోజూ నేను ఎలగ చేస్తానో అచ్చు అలగే. మీ ఎర్రయ్య బావ నిలబడ్డట్టే కొంచెం వంగి మరీ.

"తాతమ్మా, నీ సెయ్యి సల్లగా ఉంది" అన్నాది.

"ఏసీ గాలి తగిలినాది" అన్నాను. అక్కడ ఏసీ లేదు.

"నాకూ ఇలగే అవుతాది. ఇప్పుడు పోకు. ఉండు" అన్నాది.

ఉన్నాను. డెబ్బై ఆరేళ్ళలో నా చెయ్యి అలగ ఎవరూ చూడలేదు. నా చెయ్యిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని గేటు వైపు చూస్తా కూచున్నాది, ఏమీ అడగలేదు. లోపల్నుంచి డయానా రెండుసార్లు పిలిచినాది. రెండోసారికి లేచినాను.

దాని చేతులు వెచ్చగా ఉన్నాయి, చెల్లీ.

దాలమ్మ (వేలిముద్ర)
రాసినది సిరిల్. ఈ వేలిముద్రకి కాగితం చిరగలేదు.